మైగ్రేన్: తిన్నది కారణమా, తినకపోవడం కారణమా?

మైగ్రేన్ ఉందని ఎవరితోనైనా అని చూడండి, మందు కంటే ముందు తినకూడని వాటి జాబితా చేతికొస్తుంది. చాక్లెట్ వద్దు, చీజ్ వద్దు, పులిసిన పెరుగు వద్దు, అరటిపండు వద్దు, ఆవకాయ జోలికి పోవద్దు, వంకాయ వేడి, శనగపిండి పైత్యం. అన్నీ పాటిస్తే చివరికి కంచంలో మిగిలేది చారన్నం. ఇంత మానేసినా నెలకి నాలుగైదుసార్లు తల పగిలిపోతూనే ఉంటుంది. అప్పుడు ‘ఇంకా ఏదో తింటున్నాను, అదేంటో దొరకట్లేదు’ అనుకుని మరో రెండు పదార్థాలు మానేస్తారు.

తిండికీ మైగ్రేన్‌కీ సంబంధం లేదని కాదు. ఉంది. కాకపోతే ఆ జాబితాలు చెప్పేంత సూటి సంబంధం కాదు. చాలామందిలో ఏం తిన్నామన్న దాని కంటే ఎప్పుడు తిన్నాం, ఎంతసేపు తినకుండా ఉన్నాం, రోజూ వేళకి తాగే కాఫీ ఆ రోజు తాగామా లేదా అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. పైగా మనం దోషి అనుకునే తిండి ఒక్కోసారి మైగ్రేన్ మొదలయ్యాకే నోట్లోకి వెళ్లి ఉంటుంది. వినడానికి వింతగా ఉన్న ఈ సంగతితోనే మొదలుపెడదాం.

మైగ్రేన్ అంటే తలనొప్పి ఒక్కటే కాదు. అది మెదడులో దశలవారీగా నడిచే వ్యవహారం. నొప్పి మధ్యలో వచ్చే ఒక దశ మాత్రమే. ముఖం నుంచీ మెదడు పైపొరల నుంచీ స్పర్శను, నొప్పిని మోసే ట్రైజెమినల్ నరం రెచ్చిపోయి, దాని కొసల దగ్గర సీజీఆర్‌పీ అనే పెప్టైడ్ విడుదలవుతుంది. అది అక్కడి రక్తనాళాలను వెడల్పు చేసి నొప్పి సంకేతాలను పెంచుతుంది. ఈ పరిశోధనకే లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మోస్కోవిట్జ్, జెస్ ఒలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ పెప్టైడ్‌ను అడ్డుకునే మందులు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి.

నొప్పికి కొన్ని గంటల ముందు, కొందరిలో ఒకటి రెండు రోజుల ముందే ఇంకో దశ ఉంటుంది. ఆవలింతలు ఆగవు. మెడ పట్టేస్తుంది. ఊరికే చిరాకు వస్తుంది, వెలుతురు సహించదు. వీటితోపాటు కొందరికి తీపి మీదో, ఉప్పూకారం మీదో విపరీతంగా మనసుపోతుంది. ఆకలిని, దాహాన్ని, నిద్రని చూసుకునే హైపోథాలమస్ అనే భాగం ఆ సమయానికే తేడాగా పనిచేస్తుంటుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక మైగ్రేన్ రోగి మెదడును 30 రోజులపాటు రోజూ స్కాన్ చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి మొదలయ్యే ముందరి 24 గంటల్లో హైపోథాలమస్ చురుకుదనం మారడం వాళ్లకి కనిపించింది.

ఇప్పుడు చాక్లెట్ సంగతి ఆలోచించండి. మధ్యాహ్నం ఎందుకో చాక్లెట్ తినాలనిపించింది, తిన్నారు, సాయంత్రానికి తలనొప్పి. నేరం చాక్లెట్ మీద పడింది. నిజానికి ఆ కోరికే మైగ్రేన్ తొలి లక్షణం అయ్యుండొచ్చు. చాక్లెట్ తినకపోయినా సాయంత్రం నొప్పి వచ్చేదే. దీన్ని అమెరికాలో పరీక్షించి చూశారు కూడా. తరచూ తలనొప్పి వచ్చే 63 మంది మహిళలకి, ఏది ఏదో తెలియకుండా, చాక్లెట్టూ, దాని రుచికి దగ్గరగా ఉండే క్యారబ్ గుజ్జుతో చేసిన బిళ్లలూ ఇచ్చారు. 1997లో వచ్చిన ఆ ఫలితాల్లో చాక్లెట్ వల్ల క్యారబ్ కంటే ఎక్కువగా ఏమీ తలనొప్పులు రాలేదు. చాక్లెట్ నాకు పడదని గట్టిగా నమ్మినవాళ్లలో కూడా అంతే.

మన ఇళ్లలో చాక్లెట్ కంటే ఎక్కువ నిందపడేది గ్యాస్‌కి, పైత్యానికి. ‘గ్యాస్ తలకెక్కింది, వాంతయితే తగ్గిపోతుంది’ అనే మాట వినని ఇల్లు ఉండదేమో. అందులో గమనిక నిజమే, వరస తారుమారైంది. మైగ్రేన్ దాడి జరుగుతున్నప్పుడు చాలామందిలో పొట్ట కదలిక మందగిస్తుంది. తిన్నది అక్కడే ఉండిపోతుంది, కడుపు ఉబ్బరిస్తుంది, వికారం పుడుతుంది, పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం వాంతిలో కనిపిస్తుంది. అది చూసి ‘అరగకపోవడం వల్లే తలనొప్పి’ అనుకుంటాం. అరుగుదల ఆగిపోవడం ఆ జబ్బులో భాగమే. వేసుకున్న బిళ్ల పనిచేయట్లేదని అనిపించడానికీ ఇదొక కారణం: బిళ్ల కూడా ఆ పొట్టలోనే ఉండిపోతుంది. డాక్టర్లు నొప్పి మందుతోపాటు పొట్ట కదలికను పెంచే డోంపెరిడోన్ లాంటిది రాయడం, నొప్పి ముదరకముందే వేసుకోమనడం అందుకే. ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్లలతో నెట్టుకొచ్చి, చివరికి అది మైగ్రేన్ అని తెలుసుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక తినకపోవడం. అట్లాంటాలో లీ కెల్మన్ అనే వైద్యుడు తన దగ్గరికొచ్చిన మైగ్రేన్ రోగుల్ని దేనివల్ల నొప్పి వస్తోందని అడిగి 2007లో లెక్కలు ప్రచురించారు. 1,207 మందిలో దాదాపు 76 శాతం తమకి ఫలానా కారణం ఉందని చెప్పారు; వాళ్లలో దాదాపు 80 శాతం టెన్షన్ అన్నారు. వేళకి తినకపోవడం అన్నవాళ్లు 57 శాతం. ఏదో ఒక ఆహార పదార్థం అన్నవాళ్లు 27 శాతమే. ఇది రోగులు తమకు తోచింది చెప్పిన లెక్క కాబట్టి కొంత తగ్గించే చూడాలి. అలా చూసినా, ఖాళీ కడుపుకి పడిన ఓట్లు అన్ని పదార్థాలకీ కలిపి పడిన వాటికి రెట్టింపు. జాబితాలు పంచేవాళ్లెవరూ ఈ సంగతి చెప్పరు.

ఉపవాసాల మీద జరిగిన అధ్యయనాలు దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. యూదులు యోమ్ కిప్పుర్ రోజున సుమారు 25 గంటలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఇజ్రాయెల్‌లో ఆస్పత్రి సిబ్బంది మీద చేసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో ఉపవాసం ఉన్నవాళ్లలో 39 శాతానికి తలనొప్పి వచ్చింది, ఉండనివాళ్లలో 7 శాతానికే. గంటలు గడిచేకొద్దీ నొప్పి వచ్చేవాళ్లు పెరిగారు. రంజాన్ మీద 2010లో వచ్చిన ఇంకో చిన్న అధ్యయనంలో 32 మంది మైగ్రేన్ రోగులకి ఉపవాసాల నెలలో సగటున 9.4 రోజులు మైగ్రేన్ వస్తే, మామూలు నెలలో 3.7 రోజులే వచ్చింది.

మన దగ్గర ఉపవాసాలకి కొదవేముంది! ఏకాదశి, శివరాత్రి, కార్తీక సోమవారాలు, పాతబస్తీలో రంజాన్, మండలం రోజుల దీక్షలు. మైగ్రేన్ ఉన్నవాళ్లు వీటన్నిటినీ వదిలేయాలని నేను అనను. అన్నా వినేవాళ్లెవరూ లేరు. కానీ ఆచారాల్లోనే కొంత వెసులుబాటు ఉంది. అట్లతద్దికి తెల్లవారుజామున చుక్క ఉండగానే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో కడుపునిండా అన్నం తినేది ఎందుకు? సాయంత్రం చంద్రుడు కనిపించేదాకా ఉండాలి కాబట్టి. రంజాన్‌లో తెల్లవారకముందు తినే సహరీ కూడా అలాంటిదే. ఆలస్యంగా పడుకుని సహరీకి లేవకుండా నేరుగా రోజాలోకి వెళ్లేవాళ్లకి తిండి తగ్గుతుంది, లేస్తే నిద్ర తగ్గుతుంది. రెంటికీ కలిపి ఆ నెలకి పడుకునే వేళ ముందే మార్చుకోవాలి. కాఫీ టీలు ఎక్కువ తాగేవాళ్లు ఉపవాసానికి వారం ముందు నుంచే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటే మొదటి రోజుల తలనొప్పి తేలిగ్గా పోతుంది. నిర్జల ఉపవాసం అవసరం లేని చోట నీళ్లు, మజ్జిగ, పండు తీసుకుంటే దేవుడు ఏమీ అనుకోడు.

కాఫీ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. తలనొప్పి వస్తే కాఫీ తాగేవాళ్లున్నారు, కాఫీ తాగితే తలనొప్పి వస్తుందనేవాళ్లున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కెఫీన్ నొప్పి మందుల పనితనాన్ని కొంత పెంచుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని తలనొప్పి బిళ్లల్లో పారాసిటమాల్ పక్కన కెఫీన్ ఉండేది అందుకే. కానీ రోజూ తాగే ఒంటికి అది అలవాటవుతుంది. అలవాటైనవాళ్లు మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, వారం దాకా సాగొచ్చు. దీనికి పెద్ద అలవాటేం అక్కర్లేదు, రోజుకి 100 మిల్లీగ్రాముల కెఫీన్ చాలు. ఇంట్లో తాగే ఒకటి రెండు కప్పుల కాఫీలో ఆ మాత్రం ఉంటుంది.

అంటే ఎంత తాగొచ్చు? బోస్టన్‌లో అప్పుడప్పుడు మైగ్రేన్ వచ్చే 98 మంది ఆరు వారాలు డైరీ రాశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం రోజుకి ఒకటి రెండు కప్పులు తాగిన రోజుల్లో తలనొప్పి పెరగలేదు. మూడు, అంతకుమించి తాగిన రోజుల్లో పెరిగింది. నాకు తోచేది ఇది: పూర్తిగా మానాల్సిన పనిలేదు, రెండు దాటకూడదు, వేళ తప్పకూడదు. ఆఫీసులో ఇచ్చే చిన్న పేపర్ కప్పుల్ని లెక్కలోకి తీసుకోకపోవడం మనవాళ్లకి అలవాటు. అవీ కప్పులే.

వేళ తప్పడం ఎలా ఉంటుందో మా వదిన ఆదివారాలు ఎలా గడుస్తాయో చూస్తే తెలుస్తుంది. ఆదివారం బిర్యానీ తింటే తనకి తలనొప్పి ఖాయమని ఆవిడ నమ్మకం. ‘ఆ మసాలా నాకు పడదు’ అని మా అన్నయ్యతో ఎన్నిసార్లు గొడవో. ఓసారి పాల లెక్క రాసుకునే క్యాలెండర్ గడుల్లోనే లేచిన వేళ, కాఫీ వేళ, తిన్న వేళ కూడా రాయమన్నాను. మామూలు రోజున అయిదున్నరకి లేచి, ఆరుకి కాఫీ, ఎనిమిదికి టిఫిన్, ఒంటిగంటకి భోజనం. ఆదివారం ఎనిమిదింటికి లేస్తుంది, తొమ్మిదికి కాఫీ. మధ్యాహ్నం బిర్యానీ ఉందిగా అని టిఫిన్ ఎగ్గొడుతుంది. పదకొండింటికి తలంటు. బిర్యానీ వచ్చేసరికి రెండున్నర. నాలుగింటికి తల పట్టుకుని చీకటి గదిలో పడుకుంటుంది. ఎక్కువ నిద్ర, మూడు గంటలు ఆలస్యమైన కాఫీ, రాత్రి తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా ఖాళీ కడుపు, తడి జుట్టు. ఇన్నింటిలో బిర్యానీ ఒక్కటే కంటికి కనిపించింది. అదే బిర్యానీ ఓ బుధవారం రాత్రి పెళ్లి రిసెప్షన్‌లో తింటే ఏమీ కాలేదు.

తలస్నానం సంగతి మన దేశం నుంచే వైద్య పత్రికల్లోకి ఎక్కింది. ముంబైలోని తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ తలస్నానం వల్ల మైగ్రేన్ వచ్చిన 94 మంది గురించి 2006లో రాశారు. వాళ్లలో చాలామందికి తలస్నానం ఇతర కారణాలతో కలిసి పనిచేసేది, ఒంటరిగా అదే కారణమైనవాళ్లు కొద్దిమందే.

ఈ కలిసి పనిచేయడం దగ్గరే తిండి లెక్కంతా చిక్కుపడుతుంది. నిండు చెరువుకి చిన్న వాన పడినా గట్టు తెగుతుంది, సగం నిండిన చెరువు పెద్ద వానకైనా తట్టుకుంటుంది. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోయిన రోజున, నిద్ర లేని రోజున, ఎండలో తిరిగొచ్చిన రోజున ఒక గ్లాసు వైన్ సరిపోతుంది. మిగతా రోజున రెండు తాగినా ఏమీ కాదు. వియన్నాలో 327 మంది మైగ్రేన్ రోగుల డైరీల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో అన్నిటికంటే బలంగా కనిపించిన కారణం నెలసరి. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో మైగ్రేన్ మూడు రెట్లు ఎందుకో కూడా దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. వంకాయ తిన్న రోజుల్ని గుర్తుపెట్టుకునే ఇళ్లలో నెలసరి తేదీ క్యాలెండర్‌లో ఉండదు.

జాబితాలోని పేర్లకి అసలు ఆధారమే లేదా అంటే, కొన్నిటికి ఉంది. 1960ల్లో ఎంఏఓ ఇన్హిబిటర్లు అనే డిప్రెషన్ మందులు వాడేవాళ్లు మాగిన చీజ్ తింటే రక్తపోటు ఒక్కసారి పెరిగి భరించలేని తలనొప్పి వచ్చేది. చీజ్‌లోని టైరమిన్‌ను ఆ మందు విరగనివ్వదు కాబట్టి. దాన్ని చూసి 1967లో ఎడ్డా హానింగ్టన్ అనే బ్రిటిష్ వైద్యురాలు మైగ్రేన్‌కీ టైరమిన్‌కీ ముడిపెట్టారు. ఆ తర్వాతి పరీక్షల్లో ఫలితాలు ఒకటి ఔననీ ఒకటి కాదనీ వచ్చాయి, జాబితా మాత్రం స్థిరపడిపోయింది. అసలది నెలల తరబడి మాగేసిన చీజ్ గురించి. మన పనీర్ తాజాగా విరగ్గొట్టిన పాలు, దానికీ దీనికీ పోలికే లేదు. సాసేజ్‌లు, సలామీలలో వేసే నైట్రైట్ల మీద అనుమానం కొంచెం గట్టిది, ఎందుకంటే వాటిలాగే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే నైట్రోగ్లిజరిన్ అనే మందు ఇచ్చి ప్రయోగశాలలో మైగ్రేన్ తెప్పించడం పరిశోధకులకి మామూలే. అజినోమోటో మీద గోల 1968లో ఒక వైద్య పత్రికకి రాసిన ఉత్తరంతో మొదలైంది. తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల్లో నిలకడైన రుజువు దొరకలేదు. ఫ్రైడ్‌రైస్ బండి దగ్గర రాత్రి పదిన్నరకి తినేవాళ్లు ముందు ఆ పదిన్నరని అనుమానిస్తే మంచిది. మద్యం మాత్రం చాలామందికి నిజంగానే పడదు, వాదన అక్కర్లేదు.

వాసన వేరే విషయం. ఎండుమిర్చి పోపు ఘాటు, అగరుబత్తి, సెంటు: దాడి సమయంలో ఇవి భరించలేకపోవడం మైగ్రేన్ లక్షణాల్లో ఒకటి. ఆ పూట వంటింట్లో నిలబడాల్సిన అవసరం లేకుండా చేయడం ఇంట్లో మిగతావాళ్ల పని.

మానడం గురించి కాకుండా మార్చడం గురించి అడిగితే, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అమెరికాలో 182 మందిపై చేసి 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరీక్ష. వాళ్లకి నెలకి సగటున 16 రోజులకి పైగా తలనొప్పి ఉండేది. మూడు గుంపులు చేసి 16 వారాలు మూడు రకాల భోజనం పెట్టారు. ఒక గుంపుకి చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు పెంచారు. రెండో గుంపుకి అవి పెంచుతూ, నూనెల్లో ఉండే లినోలెయిక్ ఆమ్లం బాగా తగ్గించారు. మూడో గుంపుది మామూలు అమెరికన్ తిండి. మూడో గుంపుతో పోలిస్తే మొదటి గుంపుకి నెలకి సుమారు 2 తలనొప్పి రోజులు, రెండో గుంపుకి 4 రోజులు తగ్గాయి. మందులతో సరితూగే ఫలితమే ఇది. అయితే తలనొప్పి జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందని అడిగే ప్రశ్నావళిలో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకే ఒక్క పరీక్ష, అదీ వేరే దేశపు కంచం, పట్టుకుని వేలాడకూడదు.

అయినా మనకి పనికొచ్చేది ఉంది. లినోలెయిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే నూనెల్లో సన్‌ఫ్లవర్ ముందుంటుంది, దాని కొవ్వులో సగానికి పైగా అదే. వేరుశనగ నూనెలో అది దాదాపు మూడో వంతు. ఒమేగా-3 కోసం ఖరీదైన సాల్మన్ అక్కర్లేదు; విశాఖ, కాకినాడ రేవుల్లో దొరికే కవళ్లు, కనగర్తలు ఆ కొవ్వుకి పెట్టింది పేరు, ధర కూడా తక్కువే. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో ఆ కొవ్వు అంత ఉండదు. ఆ కనగర్తలనే సన్‌ఫ్లవర్ నూనెలో ముంచి వేపుడు చేస్తే రెండో గుంపు లెక్క ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు, పులుసు పెట్టుకోవడం మేలు. శాకాహారులకి అవిసె గింజలున్నాయి గానీ, వాటిలోని ఒమేగా-3 వేరే రకం. ఒంట్లో చేప కొవ్వు రూపంలోకి మారేది కొంచెమే. నూనె మానాలని చెప్పి నెయ్యి మీద పడటం కూడా తెలివైన పని కాదు. తల కోసం గుండెని ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

విటమిన్ల విషయంలో ఒక తేడా తెలియాలి. రైబోఫ్లావిన్, అంటే బి2, రోజుకి 400 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చి చూసిన బెల్జియం పరీక్షలో (1998) అది తీసుకున్న 59 శాతం మందికి తలనొప్పి రోజులు కనీసం సగానికి తగ్గాయి, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవాళ్లలో 15 శాతానికే. పాల్గొన్నది 55 మందే. అంత మోతాదు తిండిలో దొరకదు. రోజుకి మనకి కావాల్సింది ఒకటి రెండు మిల్లీగ్రాములే. పాలు, ఆకుకూరలు తింటే బి2 వస్తుందనడం నిజం, దాంతో మైగ్రేన్ తగ్గుతుందనడం వేరే మాట. మెగ్నీషియం కథా ఇంచుమించు ఇదే. ఈ రెండూ డాక్టర్‌కి చెప్పి వాడుకునేవి.

డబ్బు వదిలించుకునే దారి ఒకటుంది. రక్తం తీసి, వందకి పైగా పదార్థాల మీద ఐజీజీ యాంటీబాడీలు కొలిచి, మీకు ఇవి పడవు అని రంగురంగుల రిపోర్టు ఇచ్చే పరీక్షలు ఇప్పుడు పెద్ద ఊళ్లన్నిటిలో దొరుకుతున్నాయి. ఐజీజీ ఉందంటే ఆ పదార్థాన్ని ఒళ్లు ఇంతకుముందు చూసిందని అర్థం, పడదని కాదు. రోజూ అన్నం తినేవాళ్లకి బియ్యం మీద ఐజీజీ ఉంటే ఆశ్చర్యమేముంది? అలర్జీ నిపుణుల సంఘాలు దీన్ని వాడొద్దనే చెబుతున్నాయి.

మీ సొంత అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి క్యాలెండరే మంచి పరీక్ష. తలనొప్పి వచ్చిన రోజునే రాస్తే లాభం లేదు; రాని రోజున కూడా అదే పదార్థం ఎన్నిసార్లు తిన్నారో తెలియకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. భోజనం, నిద్ర, కాఫీ వేళల్ని ముందు ఒక దారికి తెచ్చి, ఆ తర్వాతే ఒక్క పదార్థాన్ని ఒక నెల ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఒకేసారి పది మానేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఎదిగే పిల్లల విషయంలో, గర్భిణుల విషయంలో ఇలాంటి ప్రయోగాలు డాక్టర్‌ని అడగకుండా వద్దు. బడికి టిఫిన్ తినకుండా పరిగెత్తే పిల్లకి తరచూ తలనొప్పి వస్తుంటే ఏదో మాన్పించే ముందు ఆ టిఫిన్ తినిపించి చూడండి.

ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చేయీ కాలూ పట్టు తప్పడం, 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి: వీటికి డైరీలతో పనిలేదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బిళ్ల వేసుకున్న రోజుని కూడా అదే గడిలో గుర్తుపెట్టండి. కెఫీన్ కలిసినవి, రెండు మూడు మందులు కలిపినవి నెలకి 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్ లాంటివి 15 రోజులు చొప్పున మూడు నెలలకు మించి వాడుతుంటే ఆ బిళ్లలే తలనొప్పిని పెంచుతుంటాయి. అంతదాకా వచ్చాక తిండి మార్పులతో అయ్యేది తక్కువ. దాడులు రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ వంటి మందులు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి, ఖరీదైనవి కూడా కాదు. ఆస్తమా, గర్భం వంటివి ఉంటే వీటిలో కొన్ని పనికిరావు కాబట్టి ఏది సరిపోతుందో న్యూరాలజిస్టు చూసి చెప్పాలి. వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు పట్టుకెళ్లండి.